ఒక్క శాతానికి ఐదు వందలు

లెక్క ఇలా ఉంటుంది. ఏడాది మొదట్లో పిల్లలకు ఒక పరీక్ష, చివర్లో ఇంకొకటి. తరగతి సగటు 35 శాతం నుంచి 47కి పెరిగిందనుకోండి. పెరుగుదల 12. అందులో 5 పక్కన పెట్టాలి, ఆ మాత్రం ఎలాగూ పెరుగుతుందని. మిగిలిన ఏడింటికి ఒక్కో శాతానికి 500 చొప్పున ఆ మాస్టారి చేతికి 3,500 రూపాయలు వస్తాయి. మార్కులు పెరగకపోతే ఏమీ రాదు, అలాగని జీతంలో కోతా పడదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో మొదలైన ఒక ప్రయోగంలో మొదటి ఏడాది నడిచిన సూత్రం ఇది.

అంతకు రెండేళ్ల ముందు, 2003లో, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో ఇంకో లెక్క మొదలైంది. సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఏకోపాధ్యాయ బడులవి. టీచరుకు ఒక కెమెరా ఇచ్చారు. తేదీ, సమయం ఫొటో మీదే పడతాయి, వాటిని మార్చడానికి వీల్లేదు. బడి తెరవగానే ఒక పిల్లవాడు టీచర్నీ తోటి పిల్లల్నీ కలిపి ఫొటో తీయాలి. మూసే ముందు ఇంకోటి. రెండు ఫొటోల మధ్య కనీసం ఐదు గంటలు ఉండాలి, రెండింట్లోనూ కనీసం ఎనిమిది మంది పిల్లలు కనబడాలి. అప్పుడే అది పనిరోజు. నెలలో పది రోజులకు 500 రూపాయలు, అంతకు తక్కువ వచ్చినా అంతే. పది దాటాక వచ్చిన ప్రతి రోజుకూ 50. కెమెరా లేని బడుల టీచర్లకు మాత్రం ఎప్పటిలాగే నెలకు 1,000, ఇరవై రోజులు రావాలన్న మాట మీద.

మొదటి ప్రయోగం మీద కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ రాసిన వ్యాసం 2011లో వచ్చింది. రెండోదాని మీద ఎస్తేర్ డుఫ్లో, రేమా హన్నా, స్టీఫెన్ రయాన్ రాసింది 2012లో. రెండూ ఆర్థికశాస్త్రంలో పేరున్న పత్రికల్లో వచ్చినవే. ఉద్యోగికి బహుమానం ఇస్తే పని పెరుగుతుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పడం అలవాటైంది. పక్కపక్కన పెట్టుకుని చదివితే మాత్రం ఇవి ఒకే మాట చెప్పవు. ఒకచోట దొరికిన ఫలితం రెండోచోట అసలు లేదు. నా మనసు ఆగింది అక్కడే.

పల్లెటూళ్లలో పనికి రెండు ఒప్పందాలుంటాయి. ఒకటి రోజుకూలి, ఇంకోటి గుత్త. కలుపు తీయడానికి కూలికి పిలిస్తే పొద్దు గుంకేదాకా మనిషి చేలో ఉంటాడు. ఎంత సాలు అయిందన్నది వాడి చిత్తం, ఆసామి అదృష్టం. గుత్తకు మాట్లాడితే మధ్యాహ్నానికే ఎకరం అయిపోతుంది, కానీ గట్టు వార కలుపు అలాగే ఉండిపోతుంది. ఉదయపూర్ వాళ్లు టీచరుకు రోజుకూలి కట్టారు. ఆంధ్ర వాళ్లు గుత్తకిచ్చారు. ఒకరు "వచ్చావా?" అని అడిగారు, మరొకరు "పిల్లలకు ఎంతొచ్చింది?" అని.

అడిగినదానికే జవాబు దొరికింది. ఉదయపూర్‌లో కెమెరా లేని బడుల్లో టీచరు గైర్హాజరు 42 శాతం. కెమెరా ఉన్నచోట అది 21 శాతానికి పడిపోయింది, సరిగ్గా సగం. అయితే బడికి వచ్చిన టీచరు పాఠం చెప్పే తీరు మారలేదు. వచ్చిన రోజు అంతకుముందు ఎంత చెప్పేవాడో ఇప్పుడూ అంతే చెప్పాడు. రోజులు పెరిగాయి కాబట్టి చదువూ పెరిగింది. ఆంధ్రలో ఇది తలకిందులు. బోనస్ పెట్టిన బడులకూ పెట్టని బడులకూ టీచర్ల హాజరులో తేడా రాలేదు. దేశంలో ప్రభుత్వ ప్రాథమిక బడికి చెప్పకుండా వెళితే నలుగురు టీచర్లలో ఒకరు కనబడరని 2003 నాటి సర్వే తేల్చింది. బోనస్ ఆ జబ్బును ముట్టుకోలేదు. బడికి వచ్చినవాళ్లు మాత్రం ఆ రోజున ఎక్కువ చేశారు. బడి వేళ దాటాక ప్రత్యేక తరగతులు పెట్టామని, హోంవర్కు ఎక్కువిచ్చామని, నమూనా పరీక్షలు రాయించామని, వెనకబడ్డ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకున్నామని వాళ్లే చెప్పారు.

ఇదెలా? మార్కులు పెరిగితే డబ్బొస్తుందని తెలిసిన మనిషి ముందుగా బడికి సరిగా రావడం మొదలుపెట్టాలి కదా. రాలేదు. నాకు తోచిన కారణం ఒకటే. సెలవు పెట్టడమో, పెట్టకుండా మానేయడమో ఆ రోజు పొద్దున తీసుకునే నిర్ణయం. పెళ్లి ఉంటుంది, బ్యాంకు పని ఉంటుంది, మండలాఫీసులో సంతకం ఉంటుంది. ఏడాది చివరి పరీక్ష అయ్యాక ఎప్పుడో రాబోయే మూడు వేలు నవంబరులో ఒక సోమవారం పొద్దున బస్సెక్కించలేవు. అదే మనిషి బడిలో కాలుపెట్టాక, పిల్లల ముందు నిలబడ్డాక, ఆ మూడు వేలు మళ్లీ గుర్తొస్తాయి. ఉదయపూర్‌లో అయితే ఆ సోమవారానికే 50 రూపాయలు కట్టి ఉంది.

ఉదయపూర్ వ్యాసంలో నాకు బాగా నచ్చిన భాగం కూడా రోజుల గురించినదే. ఆ ముగ్గురూ నెలాఖరునీ, పై నెల ఒకటో తారీఖునీ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక టీచరు ఈ నెల ఇంకా పది రోజులు పూర్తి చేయలేదు, ఇక పూర్తయ్యే వీలూ లేదు. చివరి రోజుల్లో వచ్చినా రాకపోయినా చేతికొచ్చేది 500. అలాంటివాళ్లు నెల చివర్లో రావడం తగ్గించారు. ఒకటో తారీఖున లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేసరికి మళ్లీ బడికొచ్చారు. ఒక్క రాత్రిలో ఆ మనిషికి పిల్లల మీద ప్రేమ పెరగలేదు, బడికి దారి దగ్గరవలేదు. మారింది లెక్కొక్కటే. టీచర్లు డబ్బును చూసే వచ్చారని, కెమెరా కన్ను చూసి కాదని, ఇంతకన్నా తేటగా చూపించడం కష్టం.

కానీ దీన్ని తిప్పి చదివితే ఇంకొకటి కనబడుతుంది. పది దాటని ఆ నెలలో, డబ్బు ఆగిపోయిన ఆ చివరి వారంలో, ఆ మనిషిని బడికి తెచ్చే శక్తి ఇంకేదీ మిగల్లేదు. వ్యాసం శీర్షిక ప్రోత్సాహకాలు పనిచేస్తాయని ఢంకా బజాయిస్తుంది. పనిచేస్తాయి, నిజమే. అవి ఆగినచోట ఏం మిగిలిందో అడగడానికి ఆ వ్యాసం సుముఖంగా లేదు. ఏటవాలు గీతలు, పట్టికలు, సమీకరణాల మధ్య టీచరు ఒక తూకం యంత్రంలా కనిపిస్తాడు. నూరు రూపాయలు వేస్తే ముల్లు ఇటు, తీస్తే అటు. ఆంధ్ర వ్యాసంలో లెక్క అంతే గట్టిదైనా మనిషి కాస్త ఎక్కువ కనబడతాడు.

గట్టు వార కలుపు సంగతి వాళ్లూ ఆలోచించారు. డబ్బు లెక్కకూ తెలుగుకూ కట్టారు, సైన్సుకూ సాంఘికశాస్త్రానికీ కట్టలేదు. మరి టీచరు ఆ రెండూ వదిలేశాడా? లేదు. డబ్బు కట్టని సబ్జెక్టుల్లోనూ బోనస్ బడుల పిల్లలే ముందున్నారు. బట్టీ ప్రశ్నల్లోనే కాదు, అర్థం చేసుకుంటే తప్ప రాయలేని ప్రశ్నల్లోనూ మెరుగుపడ్డారు. రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర తేడా వచ్చింది. గణాంకాల భాష వద్దనుకుంటే ఇలా చూడండి. వంద మంది పిల్లల్ని మార్కుల ప్రకారం కింది నుంచి పైకి నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు లెక్కల్లో దాదాపు అరవయ్యో చోటికి వెళ్లాడు. ఇందుకైన బోనస్ టీచరు ఏడాది జీతంలో సుమారు 3 శాతం ఉండేలా ముందే చూసుకున్నారు. అంతే డబ్బుతో మరికొన్ని బడులకు అదనపు టీచర్నీ, ఇంకొన్నిటికి నగదు గ్రాంటునూ ఇచ్చి చూశారు. అవీ కొంత పనిచేశాయి గానీ బోనస్ అంత కాదు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. గుత్తకిచ్చినప్పుడు చేలో కష్టమైన మూలను వదిలేయడం ఎంత సహజమో, బడిలో చదువురాని పిల్లల్ని పరీక్షరోజు "రేపు రాకులేరా" అనడం అంత సహజం. అందుకని మొదటి పరీక్ష రాసి చివరి పరీక్షకు రాని ప్రతి పిల్లవాడి పేరునా మైనస్ 5 వేశారు. దాచిపెడితే నష్టం నీదేనన్నమాట. ఈ షరతు రాసినవాళ్లకు బడులంటే తెలుసు.

మూడు శాతం జీతానికి ఇంత మార్పా అని మొదటిసారి చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. డబ్బు కోసం కాదులే అనుకున్నాను. ఎవరో ఒకరు వచ్చి, నీ తరగతి పిల్లలకు ఏమొచ్చో కొలిచి, నీతో మాట్లాడారు కాబట్టి ఆ టీచరుకు ఊపిరి వచ్చి ఉంటుందనుకున్నాను. ఇలా అనుకోవడానికి మా ఇంట్లోనే కారణం ఉంది. మా నాన్న పల్నాడు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఎస్‌జీటీగా చేశారు. సెప్టెంబరు 5న ఇచ్చే ఉత్తమ ఉపాధ్యాయ అవార్డుకు ఎవరికి వాళ్లే దరఖాస్తు పెట్టుకోవాలి. చేసిన సేవంతా సర్టిఫికెట్లు, ఫొటోలు, పేపరు కటింగులతో ఫైలు కట్టాలి. తోటి మాస్టార్లు రెండు మూడేళ్లు వెంటపడ్డారు. ఆయన పెట్టలేదు. "నా గురించి నేనే రాసుకుని, నాకు నేనే సంతకం పెట్టుకుని, నాకు శాలువా కప్పమని అడగాలా?" అన్నది ఆయన మాట. జీతం పెరిగేది పీఆర్సీ వల్ల, డీఏ వల్ల, సర్వీసు రిజిస్టరులో పడే ఇంక్రిమెంటు వల్ల. పిల్లలకు ఎక్కాలు వచ్చాయా రాలేదా అన్నది ఆ మూడింట్లో ఏ ఒక్కదానికీ పట్టదు. అయినా సాయంత్రాలు అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పేవారు. అలాంటివాళ్లను చూసి పెరిగినవాడికి, డబ్బు కన్నా ఆదరించి అడగడమే గొప్పదని అనుకోవాలని ఉంటుంది.

మురళీధరన్, సుందరరామన్ ఆ అనుమానాన్నీ వదల్లేదు. అదే ప్రాజెక్టులో మరో వంద బడులను తీసుకున్నారు. పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో విడివిడిగా రాసి, దాన్ని ఎలా సరిదిద్దవచ్చో సూచనలతో సహా టీచర్ల చేతికిచ్చారు. మధ్య మధ్యలో వచ్చి చూశారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. చూడటానికి వచ్చిన రోజుల్లో ఆ టీచర్లు మిగతావాళ్లకన్నా చురుగ్గా పాఠం చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్ష పెడితే మార్కుల్లో ఏ తేడా లేదు.

ఇది 2010లో వేరే వ్యాసంగా వచ్చింది, ఆ ముఖ్య వ్యాసం కన్నా తక్కువమంది చదివారు. నాకైతే రెండింట్లో ఇదే విలువైనది. ఎందుకంటే బోనస్ ఉన్న బడులకూ ఇవే కాగితాలు ఇచ్చారు. అక్కడ వాటిని ఎక్కువ వాడుకున్నామన్న టీచర్ల పిల్లలకు ఎక్కువ మార్కులొచ్చాయి. డబ్బు లేని బడుల్లో వాడామన్నా, వాడలేదన్నా ఒకటే. ఒకే కాగితం, ఒకే సూచనలు. ఒకచోట అది బల్ల మీదికొచ్చింది, ఇంకోచోట బీరువాలోకి వెళ్లింది. ఆ బీరువా నేను చూశాను. సర్క్యులర్లు, ట్రైనింగు మాడ్యూళ్లు, చార్టులు అన్నీ అందులోకే పోయేవి. ఆదరించి అడగడం చాలన్న నా నమ్మకం ఆ బీరువాతోనే పోయింది. బహుమానం వల్ల కొత్త ఇష్టం పుట్టిందని నేననను. ఉన్న ఇష్టానికి బీరువా తాళం తీసే పని కల్పించింది.

అదే ప్రాజెక్టులో ఇంకో వంద బడులకు అదనంగా కాంట్రాక్టు టీచర్లను ఇచ్చిన సంగతి పైన వచ్చింది. మనవాళ్లు విద్యా వాలంటీర్లు అనేవాళ్లు. జీతం రెగ్యులర్ టీచరు దానిలో ఐదో వంతు. శిక్షణా తక్కువే. అయినా వాళ్లు బడి మానడం తక్కువ, పిల్లలకు చదువు చెప్పడంలో రెగ్యులర్ వాళ్లకు తీసిపోలేదు. సొంత ఊరు, వచ్చే ఏడాది మళ్లీ తీసుకుంటారో లేదో అన్న బెంగ, ఎప్పటికైనా డీఎస్సీ కొడదామన్న ఆశ, ఇవన్నీ కలిసిన ప్రేరణ అది. దాన్ని చూపించి జీతం తగ్గిస్తే పని పెరుగుతుందని ఎవరైనా అంటే మాత్రం అది దుర్మార్గం.

గుంపుకిచ్చిన బోనస్ సంగతి త్వరగా చెబుతాను. వంద బడుల్లో బోనస్ ఒక్కొక్క టీచరు తరగతిని బట్టి, ఇంకో వంద బడుల్లో బడి మొత్తాన్ని బట్టి ఇచ్చారు. మొదటి ఏడాది రెండూ సమానంగా పనిచేశాయి. రెండో ఏడాది నుంచి ఒంటరి బోనస్ ముందుకెళ్లింది. ఐదేళ్లు చూసినా గుంపుది వెనకే. ముగ్గురు నలుగురు టీచర్లుండే చిన్న బడిలోనే ఇలా జరిగిందంటే పెద్ద సంస్థల్లో గుంపు బోనస్ ఎందుకూ పనికిరాదని తేల్చేయబుద్ధవుతుంది. అప్పుడు సింగరేణి బొగ్గు సంస్థ అడ్డొస్తుంది. దసరా ముందు లాభాల వాటా ప్రకటన వస్తే కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా అదే మాట. 2023-24కు 33 శాతం, 796 కోట్లు. నలభై వేల పైచిలుకు కార్మికుల్లో నా ఒక్కడి చెమటతో లాభం ఎంత పెరిగిందన్న లెక్క ఎవరూ వేసుకోరు. మస్టర్లు ఎన్ని పడ్డాయన్నది చూసుకుంటారు. కార్మికుల నోట అది ప్రోత్సాహకం కాదు, వాటా. బొగ్గు తీసినవాడికి లాభంలో హక్కుందన్న మాట. ఆ హక్కు మనిషిని సంస్థకు కట్టి ఉంచుతుందేమో గానీ, దాన్ని పని కొలిచే కర్రగా వాడటం తగదు. అందుకే ఆంధ్ర బడుల గుంపు బోనస్‌నీ సింగరేణి వాటానీ ఒకే గాటన కట్టలేం.

కెన్యాలోనూ ఇలాంటి గుంపు బోనస్ పెట్టి చూశారు. పాల్ గ్లెవీ, నౌమాన్ ఇలియాస్, మైకేల్ క్రేమర్ రాసిన వ్యాసం 2010లో వచ్చింది. అక్కడ కూడా టీచర్ల హాజరు మారలేదు, ఆంధ్రలో లాగే. కానీ హోంవర్కూ పెరగలేదు. పరీక్షకు తయారుచేసే క్లాసులు మాత్రం పెరిగాయి. బహుమానం కట్టిన పరీక్షలో మార్కులు పెరిగి, పథకం ఆగాక నిలవలేదు. ఆంధ్ర వ్యాసం రాసినవాళ్లు దుష్ఫలితాలేవీ కనబడలేదని అంటే నేను ఒప్పుకుంటాను గానీ, దాన్ని బహుమానపు గుణంగా ఒప్పుకోను. ఆ మైనస్ 5 షరతూ, బట్టీతో దాటలేని ఆ ప్రశ్నపత్రమూ రాసినవాళ్ల గుణమది. అదే బోనస్‌ను మన జిల్లా ఆఫీసుల చేతికిస్తే ఎలా ఉంటుందో ఆ వ్యాసం చూపలేదు.

అది చూడాలంటే మళ్లీ ఉదయపూర్ వెళ్లాలి. అభిజిత్ బెనర్జీ, డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్ కలిసి అదే జిల్లాలో ఆరోగ్య ఉపకేంద్రాల ఏఎన్ఎం నర్సులకు హాజరు వేసే యంత్రాలిచ్చారు. ఈసారి నడిపింది స్వచ్ఛంద సంస్థ ఒక్కటే కాదు, జిల్లా ఆరోగ్య శాఖ కూడా చేతులు కలిపింది. మొదటి ఆరు నెలలూ గైర్హాజరు బాగా తగ్గింది. తర్వాత మినహాయింపు రోజులు మొదలయ్యాయి. ఫలానా రోజు మీటింగని, ఫలానా రోజు సర్వే అని, మెషీన్ పాడైందని. పై అధికారి సంతకం పెడితే ఆ రోజు లెక్కలోకి రాదు. పదహారు నెలలకు యంత్రాలున్న కేంద్రాలకూ లేనివాటికీ తేడా మాయమైంది. ఆ వ్యాసానికి పెట్టిన పేరు చావు కబురులా ఉంటుంది, శవానికి కట్టు కట్టడమని. డుఫ్లో రెండు వ్యాసాల్లోనూ ఉంది. ఒకదాని పేరు గెలుపు, రెండోదాని పేరు శవం. మధ్యలో జిల్లా ఒకటే, ఉపాయమూ ఒకటే. కొలిచిన ఆ హాజరును నిలబెట్టాలని పైవాడికి ఉందా లేదా అన్నదే తేడా.

మన దగ్గర 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ బడుల్లో ముఖం గుర్తుపట్టే యాప్ వచ్చినప్పుడు టీచర్ల సంఘాలు కస్సుమన్నాయి. సొంత ఫోనులో ప్రభుత్వ యాప్ ఎందుకని, సిగ్నలు లేని ఊళ్లలో ఎలా అని. నాకు అప్పుడు ఉదయపూర్ కెమెరానే గుర్తొచ్చింది. ఇక్కడ కెమెరా వచ్చింది, దాని వెనక 50 రూపాయలు రాలేదు. ఉదయపూర్ ప్రయోగంలో పనిచేసిన సగాన్ని వదిలేసి, పనిచేయని సగాన్ని తెచ్చుకున్నట్టయింది.

మనస్తత్వవేత్తల వైపు నుంచి ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తప్పించుకుపోవడం న్యాయం కాదు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్‌లోని ఒక పిల్లల బడిలో, బొమ్మలు వేయడమంటే ఇష్టపడే పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత రంగు పెన్నులు మామూలుగా బల్ల మీద పెడితే, సర్టిఫికెట్ కోసం వేసిన పిల్లలు వాటి జోలికి వెళ్లడం మిగతావాళ్లలో సగానికి తగ్గింది. ఇష్టంగా చేసే పనికి ధర కడితే ఇష్టం చస్తుందన్న వాదానికి ఇదే గొప్ప సాక్ష్యం. ఆ పిల్లలు బొమ్మలు వేసేది ఇష్టంతోనే, వేరే గత్యంతరం లేక కాదు. నాలుగో తరగతికి భాగహారం ఏడోసారి చెప్పడం అలాంటి పని అని మా నాన్న కూడా అనరు.

అయితే ఆ సర్టిఫికెట్‌లో కాగితం తప్ప డబ్బు లేదన్నది మర్చిపోకూడదు. జాంబియా రాజధాని లుసాకాలో నవా అష్రఫ్, ఒరియానా బండియేరా, కెల్సీ జాక్ చేసిన ప్రయోగంలో అదే రకం కాగితం ఇంకో ఫలితమిచ్చింది. అక్కడి క్షౌరశాలలవాళ్లకు మహిళల కండోమ్‌లు అమ్మే పని అప్పగించారు. కొందరికి అమ్మినదాని మీద డబ్బు, కొందరికి షాపు గోడ మీది పట్టికలో నక్షత్రాలు. నక్షత్రాలవాళ్లు మిగతావాళ్లకన్నా రెండింతలు అమ్మారు. ఆ గోడను రోజూ షాపుకొచ్చే జనం చూస్తారు. మా నాన్న కాదన్న శాలువాకూ ఈ నక్షత్రాలకూ తేడా ఏమిటంటే, శాలువా కోసం ఫైలు కట్టాలి, నక్షత్రం పడటానికి కట్టక్కర్లేదు.

రెండు ముఖ్య వ్యాసాల్లో ఏది మెరుగు అని అడిగితే ఆంధ్రదే అంటాను, మన రాష్ట్రమని కాదు. ఉదయపూర్‌ది చిన్న ప్రశ్నకు పదునైన జవాబు. ఆంధ్రది పెద్ద ప్రశ్నను తలకెత్తుకుని, తన జవాబును కూలదోయగల బడులను తానే పక్కన నిలబెట్టింది. రెండింటి మీదా నాకు ఒకే ఫిర్యాదు. వందల బడులు తిరిగారు గానీ ఒక్క టీచరు మాట కూడా టీచరు మాటలా వినబడదు. ఆంధ్ర టీచర్ల అభిప్రాయాల మీద వాళ్లు ఇంకో వ్యాసం రాశారు. అందులోనూ శాతాలే. పనిని బట్టి కొంత జీతం ఇవ్వడం మంచిదేనని నూటికి ఎనభైమందికి పైగా అన్నారట. ముందుగా గట్టిగా సమర్థించినవాళ్ల తరగతులే తర్వాత ఎక్కువ మెరుగుపడ్డాయట. ఎందుకు సమర్థించారో, కాదన్న మిగతావాళ్లు ఏమన్నారో తెలియదు.

కాదనే ఒక మనిషి మా ఇంట్లో ఉన్నారు కదా అని, పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు నాన్నకు ఈ లెక్కంతా చెప్పాను. ఒక్క శాతానికి ఐదు వందలు అనగానే ముఖం అటు తిప్పుకున్నారు.

"పిల్లల్ని కేజీల లెక్కన కొనేట్టున్నారే" అన్నారు.

నేను మైనస్ 5 సంగతి చెప్పాను. చివరి పరీక్షకు రాని పిల్లవాడికి పడుతుందని. ఆయన పేపరు పక్కన పెట్టారు.

"ఏ నెల్లో పెడతారంట ఆ పరీక్ష?"

"మార్చి, ఏప్రిల్ అనుకో."

"మిరపకోతలప్పుడా?" అని కాసేపు ఊరుకున్నారు. తర్వాత కళ్లజోడు తీసి, పేపరు అంచు మీద పెన్సిలుతో ఏదో రాయడం మొదలుపెట్టారు. రిటైరై పదకొండేళ్లయినా ఆ ఊరి తరగతి ఆయనకు నోటికే ఉంది. "ముప్పై నాలుగు మంది. వడ్డెర వీధి పిల్లలు ఇద్దరు, చివరింటి ఆడపిల్ల ఒకతె, ముగ్గురూ కోతలకు పోతారు. ఆ పిల్ల వాళ్లమ్మ మాట వినదురా, నానమ్మ మాట వింటుంది." పెన్సిలు ఆపి నా వైపు చూశారు. "ఫిబ్రవరిలోనే వెళ్లి ఆ ముసలమ్మతో మాట్లాడి ఉండాల్సింది."